హింబాల ఇంటికి అతిథిగా వెళ్లాలంటే

అక్టోబరులో పిల్లలతో కలిపి ఎనిమిది మంది కారుల్లో నమీబియాలోని ఎతోషా పార్కు నుంచి ఒపువో పట్టణం వైపు వెళ్తున్నామని, ఒక పూట అక్కడ పశువులు మేపుకుని బతికే హింబాల గ్రామం చూడాలనుకుంటున్నామని రాశారు. వాళ్లను నొప్పించకుండా ఎలా వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి, ఫొటోలు తీయొచ్చా అన్నవి మీ ప్రశ్నలు. మూడూ మంచి ప్రశ్నలే. అయితే చాలా విషయాలు మీరు అక్కడ అడుగుపెట్టకముందే తేలిపోవాలి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

గ్రామం అన్నారు గానీ, మీరు వెళ్లేది ఒక ఉమ్మడి కుటుంబం వాకిట్లోకి. దాన్ని ఒంగాండా అంటారు. మొపానె అనే చెట్టు కర్రలు పాతి, మట్టి, పేడ కలిపి మెత్తిన గుడిసెలు కొన్ని, మధ్యలో పశువుల దొడ్డి, చుట్టూ కర్రల కంచె. అక్కడ ఇంటి పెద్ద, ఆయన భార్యలు, పిల్లలు, కోడళ్లు, ముసలివాళ్లు ఉంటారు. మన ఊళ్లో ముక్కూ మొహం తెలియని ఎనిమిది మంది పొద్దున్నే గేటు తీసుకుని లోపలికొచ్చి, వంటింట్లోకి తొంగిచూసి, పిల్లల ఫొటోలు తీసుకుంటే మనకెలా ఉంటుందో వాళ్లకూ అలాగే ఉంటుంది. హింబాలు బయటి లోకం తెలియనివాళ్లేం కాదు. ఓటు వేస్తారు, ఫోన్లు వాడతారు, ఒపువో సూపర్ మార్కెట్ క్యూలో ఒళ్లంతా ఎర్రటి పూతతో ఉన్న హింబా స్త్రీ పక్కనే ఆవు కొమ్ముల ఆకారంలో తలపాగా చుట్టుకున్న, వాళ్లకు దగ్గరి జాతి అయిన హెరెరో స్త్రీ నిలబడి ఉంటుంది. పర్యాటకులంటే ఏమిటో వాళ్లకు బాగా తెలుసు. మర్యాద తప్పితే ఇట్టే కనిపెడతారు, పైకి అనకపోవచ్చు.

గైడ్ లేకుండా వెళ్లకండి. రోడ్డు పక్కన గుడిసెలు కనిపించాయని కారు అటు తిప్పడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఒపువో కునేనె ప్రాంతానికి ముఖ్య పట్టణం. గైడ్లు అక్కడే దొరుకుతారు, మీరు దిగే లాడ్జిలో అడిగినా కుదురుస్తారు. ముందురోజు సాయంత్రమే మాట్లాడుకోండి, తెల్లారి హడావుడిగా వద్దు. గైడ్ ఒచిహింబా మాట్లాడేవాడై ఉండాలి. అది హెరెరో భాషకు చెందిన యాస. అందుకని హింబా గానీ హెరెరో గానీ అయితే మంచిది. ఇంగ్లీషు బాగా వచ్చి, వాళ్ల భాష రానివాడైతే మీరు వాళ్లను దూరం నుంచి చూసి వస్తారు, అంతే.

గైడ్‌ని నేరుగా నాలుగు విషయాలు అడగండి. మనం వెళ్లే ఇల్లు ఎవరిది, నీకూ వాళ్లకూ ఏం సంబంధం? అక్కడికి చివరగా పర్యాటకులు ఎప్పుడు వెళ్లారు? నేనిచ్చే డబ్బులో ఇంటివాళ్లకు ఎంత, అది ఎవరి చేతికి వెళ్తుంది? ఫొటోల గురించి వాళ్లేమంటారు? మంచి గైడ్ ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు. తడబడితే, ‘అవన్నీ నేను చూసుకుంటా’ అని దాటేస్తే ఇంకొకరిని వెతుక్కోండి. రోజూ బండ్లు పోయే ఇంటికి కాకుండా వారానికి ఒకటో రెండో వచ్చే ఇంటికి తీసుకెళ్లమనండి. వెళ్లేముందు ఇంటివాళ్లకు ఫోన్ చేసో, మనిషిని పంపో కబురు పెట్టమనండి. ఇంట్లో చావు జరిగినా, ఎవరికైనా జబ్బు చేసినా మిమ్మల్ని రావద్దంటారు. అప్పుడు వెనక్కి రావాల్సిందే, బతిమాలకూడదు.

ఎనిమిది మంది ఒకేసారి వెళ్తే వాకిలి నిండిపోతుంది, ఎవరితోనూ మాట కుదరదు. నలుగురు చొప్పున రెండు జట్లుగా, వేర్వేరు ఇళ్లకు వేర్వేరు గైడ్లతో వెళ్లండి. అది కుదరకపోయినా, పిల్లలు మరీ చిన్నవాళ్లయి గంటసేపు కుదురుగా కూర్చోలేకపోయినా, లివింగ్ మ్యూజియం అని పిలిచే చోటుకి వెళ్లడం మేలని నా అభిప్రాయం. అక్కడ స్థానికులే తమ పనులు, వేషధారణ, వంట చేసి చూపిస్తారు. టికెట్ ధర బోర్డు మీద రాసి ఉంటుంది, ఫొటోలకు ఇబ్బంది ఉండదు. ఇది ప్రదర్శన అని ముందే చెప్పి చేస్తారు కాబట్టి అందులో మోసమేమీ లేదు. నేను వద్దనేది మూడో రకం. రోడ్డు పక్కన ‘హింబా విలేజ్’ అని బోర్డు పెట్టి, బండి ఆగగానే ఆడవాళ్లను వరుసగా నిలబెట్టి, నిజమైన ఇల్లని చెప్పి చూపించే చోట్లు ఉన్నాయి. అక్కడ పశువులుండవు, పొయ్యి వెలగదు, చివర్లో పూసల దుకాణం మాత్రం తప్పకుండా ఉంటుంది.

పట్టుకెళ్లే వస్తువులు ఒపువోలోనే, గైడ్‌ని వెంటబెట్టుకుని కొనండి. అక్టోబరంటే అక్కడ వానలకు ముందు రోజులు. మేత అయిపోయి ఉంటుంది. మగవాళ్లు, కుర్రాళ్లు చాలామంది పశువుల్ని తోలుకుని దూరపు బీళ్లకు వెళ్లిపోయి ఉంటారు, ఇంటి దగ్గర ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు మిగులుతారు. పాలు తగ్గిపోతాయి, మొక్కజొన్న పిండి మీదే పూట గడుస్తుంది. 2019లోనూ 2024లోనూ నమీబియా ప్రభుత్వం కరువు అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అందుకని అలంకార వస్తువుల కంటే తిండి గింజలే గౌరవం. పదిహేను, ఇరవై మంది ఉండే ఇంటికి నలుగురు వెళ్తున్నారంటే 10 కిలోల మొక్కజొన్న పిండి సంచులు రెండు, చక్కెర 4, 5 కిలోలు, నూనె 2 లీటర్లు, కిలో ఉప్పు, టీ పొడి సరిపోతాయి. నీళ్లకు కటకటగా ఉందని గైడ్ చెబితే 20 లీటర్ల క్యాన్ ఒకటి నింపుకుని వెళ్లండి. ముసలివాళ్లు పొగాకు అడుగుతారు, అది పాత అలవాటే. ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం. మద్యం మాత్రం ఎవరడిగినా వద్దు. ఆ ప్రాంతంలో తాగుడు ఎన్నో ఇళ్లను కూల్చేసింది.

ఇచ్చే పద్ధతి కూడా ముఖ్యమే. సామాన్లు మీరే విప్పి తలా కొంచెం పంచకండి. అలా పంచితే గట్టిగా చెయ్యి చాపినవాడికి రెండు వస్తాయి, వెనక నిలబడ్డ ముసలామెకు ఏమీ రాదు, మీరు వెళ్లాక గొడవ మొదలవుతుంది. మొత్తం ఇంటి పెద్దకు, ఆయన లేకపోతే పెద్ద భార్యకు అందరి ముందు అప్పగించండి. ఎవరికి ఎంతన్నది ఆ ఇంట్లో వాళ్లకు తెలుసు. డబ్బు కూడా అంతే. గైడ్ కూలి వేరు, ఇంటివాళ్లకిచ్చేది వేరు. రెండూ ముందే కాగితం మీద రాసుకుని, ఇంటివాళ్ల వాటా మీ చేత్తోనే ఇవ్వండి. నమీబియా డాలరు దక్షిణాఫ్రికా రాండుతో సమానం, మన లెక్కలో సుమారు ఐదు రూపాయలు. రాండ్లు కూడా చెల్లుతాయి. 10, 20, 50 నోట్లు ఎక్కువ ఉంచుకోండి, అక్కడ చిల్లర పుట్టదు, కార్డు గీకే యంత్రం ఉండదు.

వేళ విషయానికొస్తే, పొద్దున ఏడు నుంచి పది లోపు గానీ, సాయంత్రం నాలుగు తర్వాత మేకలు ఇంటికొచ్చేవేళ గానీ వెళ్లండి. అక్టోబరు మధ్యాహ్నం ఎండ భరించలేరు, వాళ్లూ నీడన పడుకుంటారు.

కారును కంచెకు కనీసం యాభై, అరవై మీటర్ల దూరంలో ఆపి ఇంజన్ కట్టేయండి. గైడ్ ఒక్కడే ముందు లోపలికి వెళ్లి అడిగి వస్తాడు. అంతవరకు కారు దగ్గరే ఉండండి. ఆ పది నిమిషాలు కెమెరా సంచిలోనే ఉండాలి. పిల్లలు పరుగెత్తుకుంటూ వస్తారు, చేతులు పట్టుకుంటారు. నవ్వండి, మాట్లాడండి, ఏమీ ఇవ్వకండి.

లోపలికి అడుగుపెట్టగానే గైడ్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న: ఒకురువో ఎక్కడుంది? అది పవిత్రమైన అగ్ని. పెద్ద భార్య ఇంటి గుమ్మానికీ పశువుల దొడ్డి ద్వారానికీ మధ్య ఉంటుంది. మంట పెద్దగా ఉంటుందనుకోకండి. నాలుగు రాళ్లు, తెల్లటి బూడిద, దాని మధ్య కొస మాత్రం సన్నగా రగులుతున్న మొపానె దుంగ ఒకటి. కొత్తవాళ్లకు ఆరిపోయిన పొయ్యిలా కనిపిస్తుంది. ఆ అగ్ని ద్వారానే ఇంటి పెద్ద పితరులతో మాట్లాడతాడు, వాళ్ల ద్వారా దేవుడు ముకురుకు మాట చేరుతుందని నమ్మకం. పేరు పెట్టడం, జబ్బు చేస్తే మొక్కుకోవడం అన్నీ దాని ముందే. పెద్ద ఇంటి గుమ్మం, అగ్ని, దొడ్డి ద్వారం, ఈ మూడింటినీ కలుపుతూ ఒక గీత ఊహించుకోండి. ఆ గీతను బయటివాళ్లు దాటకూడదు. అటు వైపు వెళ్లాలంటే గుడిసెల వెనక నుంచో దొడ్డి చుట్టూనో తిరిగి వెళ్లాలి. అగ్ని దగ్గర ఉన్న కర్ర తీయడం, దాని మీద చెత్త వేయడం, దానికి కాళ్లు చాపుకుని కూర్చోవడం, ఫొటో తీయడం, ఏదీ వద్దు. పర్యాటకులు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, అదీ ఫొటో కోసం వెనక్కి వెనక్కి నడుస్తూ. పిల్లలకు కారులోనే చెప్పి ఉంచండి.

పలకరింపు ముందు పెద్దవాళ్లతో మొదలవ్వాలి. ‘మొరో’ అంటే నమస్తే లాంటిది. ‘పెరివీ?’ అంటే ఎలా ఉన్నారు, దానికి జవాబు ‘నవా’, బాగున్నాం. కృతజ్ఞతకు ‘ఒకుహెపా’. ఈ నాలుగు మాటలు పిల్లలకు కూడా నేర్పండి, తప్పుగా పలికినా ఫర్వాలేదు, అందరూ నవ్వుతారు, అక్కడే మొహమాటం పోతుంది. తర్వాత గైడ్ చూపించిన చోట కింద కూర్చోండి. నిలబడి పైనుంచి మాట్లాడితే తనిఖీకి వచ్చినట్టుంటుంది.

ఇక మాటలు. మీరు అడిగినన్ని ప్రశ్నలు వాళ్లూ అడుగుతారు. ఎందరు పిల్లలు, ఎన్ని ఆవులు అని తప్పకుండా అడుగుతారు. మీ ఇంటి ఫొటోలు నాలుగు ప్రింటు తీయించుకుని వెళ్లండి. వీలైతే ఒంగోలు గిత్త ఫొటో ఒకటి పట్టుకెళ్లండి. వాళ్లు పశువుల మీద బతికే జనం, ఆ మూపురం చూస్తే చుట్టూ మూగుతారు. మీ ఆడవాళ్ల మెట్టెలు, తాళి చూసి అవేమిటంటే చెప్పండి, పెళ్లికి గుర్తని. వాళ్లలోనూ అలాంటి గుర్తులున్నాయి. చిన్న ఆడపిల్లలకు నుదుటి మీదికి వేలాడే రెండు జడలు, ఈడొచ్చాక ఎర్రటి పూత పూసిన చాలా జడలు, పెళ్లయిన స్త్రీ తల మీద తోలుతో చేసిన ఎరెంబె. మెడలో పెద్ద శంఖం ఉంటే అది ఒహుంబా, తరతరాలుగా వచ్చే ఆస్తి. వంశం తండ్రి వైపు నుంచీ తల్లి వైపు నుంచీ రెండు విధాలా లెక్కపెడతారు. తండ్రి వైపుది ఒరుజో, తల్లి వైపుది ఎయాండా. ఏ ఆవు ఎవరికి చెందాలన్నది కూడా దాన్నిబట్టే తేలుతుంది. ఈ సంగతి అడిగితే ముసలివాళ్లు గంటసేపు చెబుతారు.

ఎర్రటి పూతను ఒచిజే అంటారు. జేగురు రాయిని నూరి, వెన్న నుంచి తీసిన కొవ్వులో కలిపి, వాసనకు ఒముజుంబా అనే పొద బంక వేస్తారు. ఆ పొద మన ఆయుర్వేదం దుకాణాల్లో దొరికే గుగ్గులు జాతిదే. ఈ పూత ఎండ నుంచి కాపాడుతుంది, ఒంటిని శుభ్రంగా ఉంచుతుంది, అన్నిటికీ మించి అది అందం. నీళ్లు కరువైన చోట స్త్రీలు సుగంధపు ఆకులు, బంకలు నిప్పుల మీద వేసి ఆ పొగను ఒంటికి పట్టిస్తారు. బాలింత జుట్టుకు సాంబ్రాణి వేసే మనకు అది అర్థం కాని విషయం కాదు. కాబట్టి ‘వీళ్లు జన్మలో స్నానం చేయరట కదా’ అన్న మాట నోటి నుంచి రాకూడదు, తెలుగులో గుసగుసలాడినా మొహం చూస్తే తెలిసిపోతుంది. పక్కన కూర్చుంటే ఎరుపు మీ బట్టలకు అంటుతుంది. లేత రంగులు వేసుకోకండి. అంటితే వెంటనే తుడుచుకోకండి, కారెక్కాక చూసుకోవచ్చు. వాళ్లంతట వాళ్లే చేతికి కొంచెం రాస్తే రాయించుకోండి. వాళ్లలా వేషం వేసి ఫొటో తీయమని అడగడం బాగుండదు.

సొరబుర్రలో పులిసిన పాలు, ఒమాయెరె, తాగమని ఇవ్వొచ్చు. పెరుగుకూ మజ్జిగకూ మధ్యలో ఉంటుంది. పచ్చిపాలతో చేసింది కాబట్టి పిల్లలకు, గర్భిణులకు వద్దు. రెండు చేతులతో అందుకుని, పెదవికి తాకించి, ‘ఒకుహెపా’ అని తిరిగివ్వండి. ముక్కు చిట్లించకుండా ఉంటే చాలు, తాగలేదని ఎవరూ తప్పుగా అనుకోరు. కరువు రోజుల్లో మళ్లీ మళ్లీ అడగకండి, అది పిల్లల నోటి దగ్గరి కూడు.

మన తెలుగు యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు చూసి వెళ్లేవాళ్లు కొన్ని ప్రశ్నలు మూటగట్టుకుని వెళ్తారు. అతిథికి భార్యను పంపుతారా అని ఆ ఇంటి ఆడవాళ్ల ముందే గైడ్‌తో అడిగిస్తారు. ఎవరింట్లోనైనా ఆ ప్రశ్న అడగగలరా? వదిలేయండి. హింబా బిడ్డకు పుట్టకముందే తల్లి ఒక పాట కడుతుందని వాట్సాప్‌లో తిరిగే కథను కూడా నిజమనుకుని వెళ్లకండి. ఇంకొకటి, హింబాలకు నీలం రంగు కనిపించదన్నది. కళ్లకేమీ లోపం లేదు. వాళ్ల భాషలో నీలానికీ ఆకుపచ్చకూ ‘బురు’ అని ఒకే మాట ఉంది. మనం పసుపునూ ఆకునూ రెండింటినీ పచ్చ అనడం లేదా?

ఫొటోల సంగతి. మొదటి అరగంట కెమెరా తీయకండి. మాటలు కుదిరాక గైడ్‌తో అడిగించండి. ఇంటి పెద్ద సరేనన్నాడని అందరూ సరేనన్నట్టు కాదు, తీసే ప్రతి మనిషినీ విడిగా అడగండి. మొహం తిప్పుకున్నా, చెయ్యి అడ్డం పెట్టుకున్నా అది వద్దనడమే. తీసిన ప్రతిదీ స్క్రీన్ మీద చూపించండి, తీసేయమంటే వాళ్ల ముందే తీసేయండి. క్లిక్‌కు ఇంత అని బేరం పెట్టకండి. అలా మొదలైతే పిల్లలు వరుసకట్టి నిలబడతారు, మాటలన్నీ అక్కడితో ఆగిపోతాయి. డ్రోన్ వద్దు, పశువులు బెదిరి చెదిరిపోతాయి, వాటిని మళ్లీ కూడదీసేది ఆ ఇంటి పిల్లలే. ఇక అసలు చిక్కు ఇంటికొచ్చాక వస్తుంది. ఆమె ఫొటో తీసుకోమంది, మీ ఫేస్‌బుక్‌లో పెట్టమని అనలేదు. వాళ్ల నడుము పైభాగం మీద బట్ట ఉండదు, అది వాళ్లకు సహజం. మన దగ్గర ఆ ఫొటో కింద ఎలాంటి కామెంట్లు వస్తాయో మీకూ నాకూ తెలుసు. కాబట్టి అలాంటివి, ముఖ్యంగా పిల్లలవి, ఆల్బంలోనే ఉంచుకోండి. పెట్టదలిస్తే చేతులు, ఆభరణాలు, ఇల్లు, పశువులు పెట్టండి, ఇల్లు ఎక్కడుందో లొకేషన్ పెట్టకండి.

పిల్లలకు చాక్లెట్లు, నాణేలు ఇవ్వకండి. పళ్లు పుచ్చితే దగ్గర్లో పళ్ల డాక్టరు లేడు. రోడ్డు మీద నిలబడితే డబ్బులొస్తాయని తెలిసిన పిల్లవాడు బడికి పోడు. పుస్తకాలు, పెన్నులు ఇవ్వాలనుంటే బడి హెడ్మాస్టరుకు ఇవ్వండి. ఎవరో కంటి జబ్బు, పుండు చూపించి మందడుగుతారు. మీ సంచిలోని మాత్రలు ఇవ్వకండి, దేనికి ఎంత వేసుకోవాలో ఎవరికీ తెలియదు, ఒక మాత్రను నలుగురు పంచుకుంటారు. గైడ్‌కి చెప్పి, కారులో చోటుంటే ఒపువో ఆసుపత్రి దాకా తీసుకెళ్లడం అంతకంటే పెద్ద సాయం.

వెళ్లేముందు ఆడవాళ్లు గుడ్డ పరిచి గాజులు, పూసలు పెడతారు. నచ్చితే ఒకరి దగ్గరే కాకుండా ఇద్దరు ముగ్గురి దగ్గర చిన్నవి కొనండి, మరీ గీచి బేరమాడకండి. ఆమె ఒంటి మీదున్న ఎరెంబెను, శంఖాన్ని అమ్ముతావా అని అడగకండి. కరువులో ఒప్పుకుంటారేమో, ఆ తర్వాత ఆ ఇంట్లో అది ఇక ఉండదు.

దారిలో మనుషులు లేని గుడిసెలు కనిపిస్తే పాడుబడ్డవని లోపలికి దూరకండి. వానలు పడితే వాళ్లు తిరిగొస్తారు. ఆవు కొమ్ములు నిలబెట్టిన సమాధులు కనిపిస్తాయి, వాటిని ముట్టుకోవద్దు, ఎక్కొద్దు. 1990లలో ఎపుపా జలపాతం దగ్గర కునేనె నది మీద ఆనకట్ట కడతామన్నప్పుడు హింబా పెద్దలు గట్టిగా ఎదురు నిలిచారు. నీటిలో మునిగిపోయే పితరుల సమాధులు వాళ్ల వాదనలో ముఖ్యమైనవి, ఎందుకంటే ఎవరి సమాధులు ఎక్కడున్నాయన్నదే ఆ నేల ఎవరిదన్నదానికి రుజువు. పోలవరం ముంపు ఊళ్ల బాధ ఎరిగిన మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు. గుడారం వేసుకుంటే నీటి చెలమల దగ్గర వేయకండి, మనుషులుంటే పశువులు నీళ్లకు దిగవు.

ప్రయాణం సంగతి క్లుప్తంగా. ఎతోషా పక్కనున్న చిన్న పట్టణం కమన్జాబ్ నుంచి ఒపువో సుమారు 250 కిలోమీటర్లు, తారు రోడ్డే. ఒపువో నుంచి ఎపుపా సుమారు 180 కిలోమీటర్లు, కంకర రోడ్డు, తీరిగ్గా నడపాలి, చీకటి పడకముందే చేరాలి. ఒపువోలో పెట్రోలు నింపుకోండి. మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి మందుల గురించి ఇక్కడే డాక్టరుని అడగండి. తిరుగు దారిలో పశువుల జబ్బులు పాకకుండా పెట్టిన వెటర్నరీ తనిఖీ గేటు దగ్గర పచ్చి మాంసం దక్షిణానికి తీసుకెళ్లనివ్వరు.

బయల్దేరేటప్పుడు పెద్దవాళ్ల దగ్గర సెలవు తీసుకుని ‘కరా నవా’ అనండి, క్షేమంగా ఉండండని. ఫొటోలు పంపిస్తామని మాటిస్తే తప్పక పంపండి. గైడ్ ఫోన్ నంబరు రాసుకుని, అరచేతి సైజు ప్రింట్లు తీయించి అతనికి చేర్చండి, వెనకాల ఎవరి ఫొటోనో పేరు రాసి. పంపలేమనుకుంటే ఆ మాట ఇవ్వకండి.